చైనీస్ ‘పు’: రాయడానికి నాలుగు గీతలు, వాడడానికి కొంచెం ఓపిక

నమస్కారం. ఇవాళ మనం రాయబోయే అక్షరం ‘పు’. చైనీస్‌లో ‘కాదు’, ‘రాను’, ‘తినను’, ‘వద్దు’ లాంటి మాటలన్నీ దీంతోనే నడుస్తాయి. చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే మొదటి స్థాయిలోనే ఎదురవుతుంది.

ముందు పలకడం చూద్దాం. పిన్‌యిన్‌లో, అంటే చైనీస్‌ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతిలో, దీన్ని బి, యు అక్షరాలతో రాస్తారు కాబట్టి చాలామంది ‘బు’ అనేస్తారు. పిన్‌యిన్ బి పలకాల్సింది మన ‘ప’ లాగా. పిన్‌యిన్ పి అయితే ఒత్తు ‘ఫ’, అంటే రెండు పెదాలూ కలిపి గాలి వదిలేది. ‘ఫోన్’లో వచ్చే ఫ కాదు. ఇంగ్లిష్ అలవాటు పక్కన పెడితే ఈ శబ్దం మనకి పుట్టుకతో వచ్చిందే. ఇక స్వరం, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎక్కే దిగే తీరు, నాలుగోది: గొంతు బాగా పైన మొదలై ఒక్కసారిగా కిందికి దిగాలి.

ఇప్పుడు కాగితం మీదకి వద్దాం. నిలువుగా, అడ్డంగా మధ్యగీతలున్న గళ్ళ కాగితం తీసుకోండి. మొదటిది అడ్డగీత, ఎడమ నుంచి కుడికి. గడిలో పైభాగంలో గీయండి, కుడి కొస రవ్వంత పైకి లేస్తే అందం. రెండోది ఏటవాలు గీత. అసలు కిటుకంతా దీంట్లోనే ఉంది. అడ్డగీతని కింద తాకుతూ, సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త కుడిపక్కన మొదలుపెట్టి, ఎడమ కిందికి లాగండి. చివర్లో పెన్ను మెల్లగా లేపేస్తే కొస సన్నబడుతుంది. మూడోది నిలువు గీత. ఆ ఏటవాలు గీత గడి మధ్యగీతని దాటిన చోటే ఇది మొదలై నేరుగా కిందికి దిగుతుంది. కింద కొక్కెం ఉండదు. నాలుగోది కుడిపక్కన పొడుగు చుక్క: పైనుంచి కుడి కిందికి, చివర నొక్కి ఆపేయాలి.

రెండో గీతని సరిగ్గా మధ్యలో మొదలుపెడితే ఏమవుతుంది? నిలువు గీతకి మధ్యలో చోటుండదు. అది ఎడమకి జరుగుతుంది, అక్షరం మొత్తం ఒరిగిపోతుంది. నిలువు గీత అడ్డగీతని చీల్చుకుని పైకి వచ్చిందా, చదివేవాళ్ళకి అది ‘ము’, అంటే చెట్టు. ఏటవాలు గీత మర్చిపోతే ‘శ్యా’ అవుతుంది, అంటే కింద. చుక్కని పాదంలా సాగదీయడం ఇంకో దురలవాటు; దానివల్ల అర్థం మారదు గానీ చూడ్డానికి బాగుండదు.

పక్షి పైకెగిరి కిందికి రాలేదని, అందుకే ఈ బొమ్మకి ‘కాదు’ అనే అర్థం వచ్చిందని ఒక కథ వింటుంటారు. సుమారు క్రీ.శ. 100లో షూ షెన్ అనే పండితుడు చెప్పిన మాట అది. ఎముకల మీద చెక్కిన ఇంకా పాత రూపాలు చూసిన పరిశోధకులు దాన్ని నమ్మరు. శబ్దం కోసం అరువు తెచ్చుకున్న బొమ్మ అంటారు. గుర్తుండడానికి పనికొస్తే పక్షిని ఉంచుకోండి.

వాడుకలో మొదటి చిక్కు స్వరం మారడం. దీని తర్వాత వచ్చే మాట కూడా నాలుగో స్వరమైతే ‘పు’ రెండో స్వరానికి మారుతుంది, అంటే గొంతు పైకి లేస్తుంది. ‘పు షి’ (కాదు), ‘పు యావ్’ (వద్దు), ‘పు త్వెయ్’ (తప్పు) ఇలాగే పలకాలి. ‘పు హావ్’ (బాగాలేదు), ‘పు లాయ్’ (రాను), ‘పు ఛి’ (తినను) అన్నప్పుడు మార్పు లేదు. రాతలో అక్షరం ఎప్పుడూ అదే, నిఘంటువులో గుర్తు కూడా నాలుగో స్వరమే. మార్పు మీ నోట్లోనే జరగాలి.

రెండో చిక్కు ‘మెయ్’ అనే ఇంకో మాటతో. ‘ఉంది’ అనే ‘యోవ్’ ముందు ‘పు’ ఎప్పుడూ రాదు. ‘డబ్బు లేదు’ అనాలంటే ‘మెయ్ యోవ్’ అనాల్సిందే. కాదుకీ లేదుకీ తేడా మనకి ముందే తెలుసు కాబట్టి ఇది తేలిగ్గానే ఎక్కుతుంది. ‘నిన్న తినలేదు’ అన్నా ‘మెయ్ ఛి’యే. అలాగని లేదు కనిపించినప్పుడల్లా ‘మెయ్’ పెట్టేస్తే బోల్తా పడతారు. ‘బాగాలేదు’, ‘ఇష్టం లేదు’, ‘రేపు రావట్లేదు’ మూడింటికీ చైనీస్‌లో ‘పు’యే రావాలి. వస్తువు లేకపోయినా, పని జరగకపోయినా ‘మెయ్’. గుణం, ఇష్టం, అలవాటు, ముందు చేయబోని పని అయితే ‘పు’. ‘చిన్నప్పుడు మాంసం తినేవాణ్ణి కాదు’ అనేది గతమే అయినా అలవాటు కాబట్టి ‘పు ఛి’.

ప్రశ్న అడగాలంటే మాటని రెండుసార్లు అని మధ్యలో దీన్ని పెడితే చాలు: ‘లాయ్ పు లాయ్’, వస్తావా రావా. ఇక్కడ ‘పు’కి స్వరం ఉండదు, తేలిగ్గా అనేసి వెళ్ళిపోవాలి. దీని చివర మళ్ళీ ప్రశ్నార్థకం ‘మ’ తగిలించొద్దు. జవాబు మన పద్ధతిలోనే ఉంటుంది: వస్తే ‘లాయ్’, రాకపోతే ‘పు లాయ్’. అవతలివాళ్ళు మాట్లాడేది అర్థం కాకపోతే ‘థింగ్ పు తుంగ్’ అనండి. మొదటి రోజు నుంచీ అక్కరకొచ్చే మాట.

ఫోన్‌లో పిన్‌యిన్ కీబోర్డు వాడితే స్వరం టైప్ చేయక్కర్లేదు. గీతల కీబోర్డులో అయితే అడ్డగీత 1, నిలువు 2, ఏటవాలు 3, చుక్క 4. అంటే దీనికి 1, 3, 2, 4. వరుస తప్పితే కావలసిన అక్షరం రాదు.

సాధనకి ఒకే గడిలో ‘పెయ్’ రాయండి, అంటే కప్పు. మొత్తం 8 గీతలు. ఎడమన చెట్టు, కుడిన మన ‘పు’. పక్కన ఇరుక్కున్నప్పుడు చెట్టు చివరి గీత కూడా కురచై చుక్కలా మారుతుంది, కాబట్టి రెండూ ఇంకా దగ్గరగా కనిపిస్తాయి. ఎడమదాంట్లో నిలువు గీత అడ్డగీత పైకి పొడుచుకురావాలి, కుడిదాంట్లో కిందే ఆగాలి.