చిత్తడి ఎండినా చావని కుక్క: లగోట్టో రొమాన్యోలో

సభకు నమస్కారం.

ఇటలీ పనికుక్క అనగానే మనవాళ్లలో చాలామందికి కేన్ కోర్సో గుర్తొస్తుంది, లేదంటే ముఖమంతా ముడతలు పడ్డ నెపోలిటన్ మాస్టిఫ్. రెండూ కాపలాకు పేరుపడ్డ భారీ కుక్కలు. నేను ఇవాళ మాట్లాడేది వాటి పక్కన నిలబెడితే పిల్లలా కనిపించే ఒక కుక్క గురించి. మగది 43 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తు, 13 నుంచి 16 కిలోల బరువు. ఆడది ఇంకాస్త చిన్నది. ఒళ్లంతా గట్టి ఉంగరాల జుట్టు. పేరు లగోట్టో రొమాన్యోలో. కాపలాకుక్కల గురించి చెప్పేవాళ్లు ఎటూ చాలామంది ఉన్నారు. తను చేసే పని కళ్లముందే మాయమైపోతే మరో పనిలోకి మారి బతికిన కుక్క ఇది. ఆ కొత్త పనే మళ్లీ దాని ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే ఈ కథ చెప్పాలని వచ్చాను.

ఉత్తర ఇటలీలో పో నది అడ్రియాటిక్ సముద్రంలో కలిసే చోట నుంచి కిందికి, ఫెర్రారా, రవెన్నా పట్టణాల చుట్టూ ఒకప్పుడు కనుచూపుమేర నీళ్లే. లోతు తక్కువ ఉప్పునీటి మడుగులు, రెల్లుగడ్డి, బురద, చలికాలంలో పొగమంచు. ఆ ప్రాంతానికి నడిబొడ్డు కొమాక్కియో. మలుగు చేపలకు, అంటే ఈల్ చేపలకు, ఆ ఊరు ఇప్పటికీ పేరుమోసింది. అక్కడి జనం నీళ్ల మీదే బతికారు. చదునైన అడుగున్న చిన్న పడవల్లో తిరుగుతూ చేపలు పట్టేవాళ్లు, చలికాలంలో నీటిపక్షులను వేటాడేవాళ్లు. వాళ్ల ముఖ్యమైన వేట ఫోలగా. ఒళ్లంతా నలుపు, నుదుట మాత్రం తెల్లటి బిళ్ల. మన కొల్లేరులో చలికాలం గుంపులుగా కనిపించే బొల్లికోడి కూడా అదే జాతి పక్షి.

తుపాకీ దెబ్బకు పక్షి రెల్లులోనో మంచునీళ్లలోనో పడుతుంది. అక్కడికి పడవ పోదు. మనిషి దిగితే చలికి బిగుసుకుపోతాడు. దిగాల్సింది కుక్కే. గంటలకొద్దీ ఈదాలి, పలచగా గడ్డకట్టిన నీటిని ఛాతీతో పగలగొట్టుకుంటూ పోవాలి, పక్షిని నలపకుండా నోట కరుచుకుని తేవాలి. లగోట్టో జుట్టు ఈ పనిలో తయారైందే. పైన గరుకైన ఉంగరాలు, లోపల దట్టమైన మెత్తని పొర. నీళ్లు చర్మం దాకా ఇంకవు. పడవలోకి ఎక్కి ఒక్కసారి దులుపుకుంటే చాలు, మళ్లీ దూకడానికి సిద్ధం. వేట లేనప్పుడు పడవకూ ఇంటికీ అదే కాపలా.

ఈ కుక్క ఎంత పాతదని అడిగితే ఇటలీలో చాలా కథలు వినిపిస్తాయి. కొమాక్కియో దగ్గరే స్పీనా అనే పురాతన రేవుపట్టణం బయటపడింది, రోమన్ల కన్నా ముందే ఇటలీలో వెలిగిన ఎట్రుస్కన్ జనానిది. అక్కడి సమాధుల్లో దొరికిన బొమ్మల్లో ఉంగరాల జుట్టు కుక్క ఉందంటారు. మాంతువాలో గొంజాగా పాలకుల రాజభవనంలో ఆంద్రేయా మాంతెన్యా 1474 నాటికి పూర్తిచేసిన కుడ్యచిత్రాల్లోని ఒక కుక్కను చూపించి, ఇది లగోట్టోయే అంటారు. ఆ పోలిక నిజమే కావచ్చు. అయితే ఐరోపా అంతటా చిత్తడినేలల దగ్గర ఉంగరాల జుట్టు నీటికుక్కలు ఉండేవి. స్పెయిన్‌కూ పోర్చుగల్‌కూ ఫ్రాన్స్‌కూ తమవి తమకున్నాయి. ఒక బొమ్మను పట్టుకుని వంశవృక్షం గీయడం నాకు నచ్చదు. ఆ చిత్తడిలో ఆ పని తరతరాలుగా సాగింది, దానికి తగిన కుక్క అక్కడ ఉంది. ఈ జాతి పాతదనానికి నాకు ఆ సాక్ష్యం చాలు.

ఇక నీళ్లు ఎలా పోయాయో చూద్దాం. 19వ శతాబ్దంలో ఆ చిత్తడిని ఎండగట్టి సాగుభూమి చేసే పని ఊపందుకుంది. 1870ల నుంచి ఫెర్రారా ప్రాంతంలో, కొదిగోరో లాంటి చోట్ల, ఆవిరి యంత్రాల పంపులు బిగించారు. మనుషులు చేతిబండ్లతో మట్టి మోసి గట్లు వేశారు. ఇందులో మంచి లేదని నేను అనను. ఆ నేలలు మలేరియాకు నిలయాలు, గోధుమ పండే భూమి జనానికి కావాలి. నీళ్ల మీద బతికిన కుటుంబాల్లోంచే ఎందరో ఆ నీళ్లను తోడే కూలీలయ్యారు. రవెన్నా కూలీలు ఈ పనిలో ఎంత చేయి తిరిగినవాళ్లంటే, సహకార సంఘం పెట్టుకుని 1884లో రోమ్ పక్కన ఓస్తియా చిత్తడిని ఎండగట్టడానికి వందల మంది రైలెక్కి వెళ్లారు. ఆ సంఘాన్ని నడిపిన నుల్లో బాల్దీని పేరు ఇటలీ సహకారోద్యమ చరిత్రలో ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు.

నీళ్లు పోయాయి, పక్షులు పోయాయి, వేట పోయింది. ఇలాంటప్పుడు పనికుక్క మామూలుగా ఒకటి రెండు తరాల్లో కనుమరుగవుతుంది. లగోట్టోను ఆదుకున్నది నేల కింద ఉన్న ఒక పుట్టగొడుగు.

ట్రఫుల్ గురించి రెండు మాటలు చెప్పాలి. అది ఓక్, పాప్లర్, హేజెల్, విల్లో లాంటి చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని బతికే శిలీంధ్రం. చెట్టు దానికి చక్కెర ఇస్తుంది, అది చెట్టుకు నీళ్లూ ఖనిజాలూ అందిస్తుంది. దాని కాయ మట్టిలోనే పెరిగి మట్టిలోనే పండుతుంది. గాలికి విత్తులు చల్లే దారి లేదు కాబట్టి, పండినప్పుడు ఘాటైన వాసన వదిలి జంతువులను పిలుస్తుంది. తవ్వి తిన్న జంతువు ఆ విత్తులను అడవంతా మోస్తుంది. ఆ వాసనలో జంతువులను రప్పించేది ముఖ్యంగా డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక సమ్మేళనం. తెల్ల ట్రఫుల్ శరత్తు నుంచి చలికాలం మొదలయ్యేదాకా దొరుకుతుంది. తోటల్లో నాటి పండించడం నల్లదానికి సాధ్యమైనంతగా దీనికి కాలేదు. ధర అందుకే ఆకాశంలో ఉంటుంది.

మైదానంలో పాప్లర్ల కిందా, రవెన్నా ఉన్న రొమాన్యా ప్రాంతపు కొండల్లో ఓక్‌ల కిందా ట్రఫుల్ ఏరే పనికి లగోట్టోను దించారు. నీటిలో సంపాదించిన గుణాలన్నీ ఇక్కడా అక్కరకొచ్చాయి. ముళ్లపొదల్లో దూరితే ఆ జుట్టే కవచం. మనిషి మాట వినడం, గంటలకొద్దీ అలుపెరగక పనిచేయడం, నోటితో మెత్తగా పట్టుకోవడం దానికి కొత్త కాదు. ఒక్క గుణం మాత్రం మార్చాల్సి వచ్చింది. వేటకుక్కకు కుందేలు వాసన తగిలితే అది ట్రఫుల్‌ను మరిచిపోతుంది. అందుకని వేట యావ తక్కువగా ఉన్న పిల్లలనే తరం తరం ఎంచుకుంటూ వచ్చారు. జంతువు వాసన తగిలినా చెదరకుండా వెతికే గుణం ఎంపిక వల్లే వచ్చిందని జాతి ప్రమాణపత్రంలోనే, అంటే ఆ జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే పత్రంలోనే, రాసి ఉంది. ఆ రాతగాళ్లు దాన్ని వదిలేయకుండా నమోదు చేసినందుకు నాకు వాళ్ల మీద గౌరవం. పుస్తకాల్లేని రైతులు, కూలీలు చేసిన ప్రజననశాస్త్రం అది.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలానికి ఆ ప్రాంతపు ట్రఫుల్ కుక్కల్లో ఎక్కువ భాగం లగోట్టోలే. ఆపద కూడా అక్కడే మొదలైంది. ట్రఫుల్ ఏరేవాడికి కావలసింది ముక్కు. దాని జుట్టు ఏ రంగో, తల ఏ ఆకారమో అతనికి అక్కర్లేదు. పక్కింటి పాయింటర్ ముక్కు మంచిదని తెలిస్తే దానితో కలిపేవాడు, ఇంకొకడు స్పానియల్‌తో కలిపేవాడు. పుట్టిన పిల్లల్లో పనికొచ్చేది ఒకటున్నా అతనికి చాలు. అతన్ని తప్పుపట్టలేం, అది అతని కూడు. అయితే ప్రతి ఊరివాడూ అలా కలుపుతూ పోతే, 1960లు, 70లు వచ్చేసరికి అసలు లగోట్టో ఏదో చెప్పడం కష్టమైపోయింది. జాతి మాయమవుతోందని చాలామందికి తెలియనే లేదు, ఎందుకంటే కుక్కలు ఎప్పట్లాగే అడవికి వెళ్లి ట్రఫుల్స్ తెస్తున్నాయి.

1970లలో రొమాన్యాకు చెందిన కొందరు దీన్ని గమనించారు. ఇమోలా పట్టణ శునక ప్రేమికుల సంఘానికి పెద్ద అయిన క్వింతీనో తోస్కి, కుక్కల పోటీల్లో పేరున్న న్యాయనిర్ణేత ఫ్రాంచెస్కో బల్లొత్తా, లోదోవికో బబీని, వీళ్లతో పాటు ఆంతోనియో మోర్సియాని. మోర్సియాని ప్రపంచస్థాయి శునకశాస్త్ర నిపుణుడు. కేన్ కోర్సో జాతి ప్రమాణం రాసింది కూడా ఆయనే.

ఈ నలుగురు చేసిన పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది వాళ్లు మొదలుపెట్టిన చోటు. ఆదర్శ లగోట్టో ఇలా ఉండాలని బల్ల దగ్గర కూర్చుని గీయలేదు. పల్లెల్లో ట్రఫుల్ ఏరేవాళ్ల దగ్గర మిగిలి ఉన్న కుక్కలను వెతికి పట్టారు. ఎత్తు, పొడవు, తల, మూతి, చెవి, అన్నీ కొలిచారు. జుట్టు తీరు చూశారు. ఎక్కువ కుక్కల్లో కనబడుతూ, పాత వర్ణనలతో సరిపోయే రూపాన్ని నిర్ధారించుకున్నారు. ఆ రూపానికి దగ్గరగా ఉన్నవాటినే జత కట్టించి, పిల్లలు ఎలా వస్తున్నాయో రాసిపెట్టుకున్నారు. ఆ తర్వాత 1988లో ఇమోలాలో లగోట్టో క్లబ్ స్థాపించారు. మోర్సియాని ఆ కొలతల మీదే ప్రమాణపత్రం రాశారు. ఇటలీ జాతీయ శునక సంఘం 1990ల మొదట్లో దాన్ని ఒప్పుకుంది. ప్రపంచ శునక సమాఖ్య ఎఫ్‌సీఐ 1995లో తాత్కాలికంగా, 2005లో పూర్తిగా గుర్తించింది. ప్రమాణపత్రం సంఖ్య 298, వర్గం నీటికుక్కలది. నీళ్లకు దూరమై వందేళ్లు దాటినా పుట్టుకను బట్టి అక్కడే ఉంచారు.

అదే కాలంలో వచ్చిన ఒక చట్టం కూడా ఈ కుక్కకు కలిసొచ్చింది. 1985 డిసెంబరులో ఇటలీ పార్లమెంటు ట్రఫుల్ సేకరణపై 752వ నంబరు చట్టం చేసింది. దాని ప్రకారం వెతకడం శిక్షణ పొందిన కుక్కతోనే జరగాలి. తవ్వడం చిన్న పారతో, అదీ కుక్క గీరడం మొదలుపెట్టిన చోటే. గోతిని తిరిగి పూడ్చాలి. పరీక్ష నెగ్గి కార్డు తీసుకుంటేనే అనుమతి. పూర్వం పందులతోనూ వెతికించేవాళ్లు. పంది దొరికిన ట్రఫుల్‌ను తానే తినేస్తుంది, నేలను కుళ్లగించి శిలీంధ్రపు దారాలను తెంపేస్తుంది. అడవిని కాపాడటానికి చేసిన చట్టమే అయినా, ఈ కుక్క పనికి అది రాతపూర్వకమైన హామీ అయింది. నా లెక్కలో జాతిని నిలబెట్టడంలో క్లబ్‌కు ఎంత పాత్ర ఉందో ఈ చట్టానికీ అంతే ఉంది. 2021లో ఇటలీ ట్రఫుల్ వేట సంప్రదాయాన్ని యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

పునరుద్ధరణకు మూల్యం కూడా చెల్లించాల్సి వచ్చింది. కొద్ది కుక్కల నుంచి జాతిని పెంచితే వాటిలో దాగిన లోపాలూ వెంట వస్తాయి. లగోట్టో పిల్లల్లో కొన్నిటికి ఐదారు వారాల వయసులో వణుకు, మూర్ఛ మొదలై, నాలుగు నెలల ప్రాయానికల్లా వాటంతటవే తగ్గిపోయేవి. హెల్సింకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో దీనికి కారణం ఎల్‌జీఐ2 అనే జన్యువులోని మార్పు అని తేల్చారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు ప్రతులూ వస్తేనే జబ్బు కనిపిస్తుంది. ఇక్కడున్న వెటర్నరీ విద్యార్థులు గమనించాల్సింది ఆ తర్వాత ఏం చేయాలన్నది. లోపం మోసే ప్రతి కుక్కనూ ప్రజననం నుంచి తీసేస్తే జాతి ఇంకా కుంచించుకుపోతుంది. డీఎన్‌ఏ పరీక్ష చేసి, మోసేదాన్ని మోయనిదానితో మాత్రమే జత కట్టిస్తే జబ్బుపడ్డ పిల్ల పుట్టదు, మంచి రక్తమూ వృథా కాదు.

ఇంకో బాధ జన్యువులది కాదు, మనుషులది. ట్రఫుల్ విలువ పెరిగేకొద్దీ అడవిలో పోటీదారుల కుక్కలను చంపడానికి విషపు ఎరలు పెట్టడం ఇటలీలో ఇప్పటికీ జరుగుతోంది. నోట్లో ఏదీ పెట్టుకోనివ్వకుండా కుక్కకు మూతిబుట్ట కట్టి తిప్పే యజమానులున్నారు. వాసన చూడటమే పనైన జీవికి ఆ గతి పట్టించడం నీచమని అనడానికి నాకు సంకోచం లేదు.

ఇప్పుడు లగోట్టో ఇటలీ దాటింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2015లో పూర్తి గుర్తింపు ఇచ్చింది. జుట్టు పెద్దగా రాలదు, పరిమాణం చిన్నది, కాబట్టి నగరాల ఇళ్లలో గిరాకీ బాగా పెరిగింది. ఈ గిరాకీ నన్ను భయపెడుతుంది. ఈ కుక్కకు ముక్కుతో చేసే పని లేకపోతే పెరడంతా తవ్వేస్తుంది, అది దాని తప్పు కాదు. ఇటలీ క్లబ్ ఇప్పటికీ ట్రఫుల్ వెతికే పరీక్షలు నడుపుతోంది. అందంలో నెగ్గిన కుక్క మట్టిలోనూ నెగ్గాలన్న పట్టుదల అది. బయటి దేశాల క్లబ్‌లకూ ఆ పట్టుదల ఉండాలని నా కోరిక.

ఇక మన గడ్డ మీదికి వస్తాను. కొల్లేరు చుట్టుపక్కల జోనంగి అనే కుక్క ఉంది. పొట్టి జుట్టు, నుదుట ముడతలు, మొరగడం తక్కువ. ఆ ప్రాంతంలో బాతుల గుంపులను మేపేవాళ్ల వెంట తిరిగి వాటిని అదుపులో ఉంచే పని చేసేది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల జాబితాలోకి, అంటే రామ్‌సర్ జాబితాలోకి, ఎక్కింది. అయినా చుట్టూ చేపల చెరువులు విస్తరించడంతో ఆ పాత బతుకుతెరువు కుదించుకుపోయింది, దానితోపాటు జోనంగీ తగ్గిపోయింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ కుక్కలను జాతులుగా నమోదు చేసింది. అలాంటి నమోదుకు మొదట కావలసింది కొలతలు, ఫొటోలు, ఏ ఊళ్లో ఎన్ని ఉన్నాయన్న లెక్క, పెంచేవాళ్ల నోటిమాటగా ఉన్న సమాచారం. రొమాన్యాలో ఆ నలుగురు ముందు చేసిందీ అదే.

ఈ సభలో కైకలూరు, ఆకివీడు, ఏలూరు వైపు విద్యార్థులుంటే సభ ముగిశాక నన్ను కలవండి. కొలతల పట్టిక ఒకటి తయారుచేసి తెచ్చాను. కుక్క ఎత్తు, పొడవు, ఛాతీ చుట్టుకొలత, తల పొడవు ఎలా తీయాలో అందులో బొమ్మలతో ఉంది. యజమాని అనుమతి తీసుకోండి, అది చేసే పనిని కళ్లారా చూసి రాసుకోండి. ముసలివాళ్లను అడిగి, వాళ్ల చిన్నప్పుడు ఏ కుక్కను ఏ కుక్కతో కలిపేవాళ్లో కూడా రాసుకోండి.