నెర్రెలు విచ్చిన పూత

సభకు నమస్కారం.

ఆవం నుంచి తీసిన కుండలో పగులు కనిపిస్తే కుమ్మరి దాన్ని పక్కన పడేస్తాడు. జపాన్‌లో తేనీటి వేడుకను కళగా సాధన చేసే గురువులు మాత్రం అలాంటి లోపాల్లో కొన్నింటికి పేర్లు పెట్టి, వెల కట్టి, తరతరాలుగా దాచుకున్నారు. నేటి జపాన్ మృత్పాత్ర కళాకారుడు తకురో కువాతా పనిని అక్కడి నుంచి మొదలుపెట్టి చూడాలని నా మనవి.

క్యోటోలోని దైతోకుజి ఆలయ సముదాయంలో, కొహోఅన్ అనే చోట, కిజాఎమోన్ అన్న పేరుగల టీ గిన్నె ఒకటి ఉంది. కొరియాలో తయారైన ఈ సాదాసీదా గిన్నె నేడు జపాన్ జాతీయ సంపద. దాని పాదం చుట్టూ గ్లేజు, అంటే గాజుపూత, సమంగా పరుచుకోకుండా ముడుచుకుపోయి, చిన్నచిన్న బొట్లుగా గడ్డకట్టి ఉంటుంది. పూత మందంగా పడి, కాల్చేటప్పుడు పూర్తిగా కరిగి పారకపోతే ఇలా జరుగుతుంది. కత్తిపిడికి చుట్టే గరుకు చేపతోలును తలపిస్తుందని దీన్ని కైరాగి అన్నారు. మట్టిలో మిగిలిన రాయి వేడికి పైపొరను చీల్చుకుని బయటపడితే అది ఇషిహజె.

1981లో హిరోషిమాలో పుట్టి, గిఫు ప్రాంతంలోని తాజిమిలో కుండల విద్య నేర్చిన కువాతా ఈ రెండింటినీ ఉన్నచోట ఉండనివ్వలేదు. పాదం దగ్గర ఒదిగి ఉండే కైరాగిని గిన్నె అంతటికీ పాకించారు. గులాబీ, పసుపు, నీలం రంగుల పూత ఎంత దళసరిగా ఉంటుందంటే, ఎండిన చెరువులో మట్టి నెర్రెలు విచ్చినట్టు పలకలు పలకలుగా విడిపోయి, సందుల్లోంచి లోపలి మట్టి తొంగిచూస్తుంది. కొన్నింటిపై బంగారం, ప్లాటినం తళుకులు కూడా ఉంటాయి. తేనీటి గది మసక వెలుతురుకు అలవాటుపడిన కళ్లకు ఇది కాస్త దురుసుగానే తోస్తుంది, నాకూ మొదట అలాగే తోచింది.

సంప్రదాయాన్ని ఎదిరించిన తొలి తరం వేరే దారి పట్టింది. 1948లో క్యోటోలో సోదేయిషా అనే మృత్పాత్ర కళాకారుల బృందాన్ని స్థాపించిన వారిలో ఒకరైన యాగి కజువో, 1954లో సారెపై తిప్పిన వలయానికి మట్టి గొట్టాలు అతికించి, రచయిత కాఫ్కా కథానాయకుడు సంసా పేరుతో ఒక శిల్పం చేసి, మట్టిపాత్ర అన్న ఆలోచననే విడిచిపెట్టారు. కువాతా గిన్నెను విడవలేదు. నా దృష్టిలో అదే ఎక్కువ సాహసం. 2018లో లోవె క్రాఫ్ట్ ప్రైజ్ అనే అంతర్జాతీయ హస్తకళా పురస్కారం తుది జాబితాకు చేరిన ఆయన కళాకృతి పేరు కూడా ‘టీ గిన్నె’ అనే. దాన్ని చూస్తూ, పెదవి ఎక్కడ ఆనించాలా అని మనం అంచు వెంబడి వెతుక్కుంటాం.