ఆన్‌లైన్ సెయిలింగ్ గేమ్స్‌లో గ్రీఫింగ్: ఎత్తు ఎక్కడిదాకా, వేధింపు ఎక్కడినుంచి?

[స్క్రీన్‌పై: సిడ్నీ ఒలింపిక్స్, 2000. లేజర్ క్లాస్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ), చివరి రేసు]

సిడ్నీలో ఇక ఒక్క రేసే మిగిలింది. పాయింట్లలో బ్రెజిల్ సెయిలర్ రాబర్ట్ షైట్ ముందున్నాడు. బ్రిటన్‌కు చెందిన బెన్ ఎయిన్‌స్లీకి బంగారు పతకం కావాలంటే, షైట్ ఈ రేసులో బాగా వెనకబడాలి. అందుకని ఎయిన్‌స్లీ రేసు గెలిచే ప్రయత్నమే చేయలేదు. మొదటినుంచీ షైట్‌కు అడ్డంపడుతూ, అతని తెరచాపకు గాలి అందనివ్వకుండా గుంపులో వెనక్కి నెట్టేశాడు. ఆ పెనుగులాటలో పడవలు తగిలాయి. షైట్ డిస్‌క్వాలిఫై అయ్యాడు. బంగారం ఎయిన్‌స్లీకి, వెండి షైట్‌కి దక్కాయి.

ఆన్‌లైన్ రేసులో ఎవరైనా మనతో ఇలా ఆడితే చాట్‌లో వెంటనే "గ్రీఫర్", అంటే కావాలని ఆట చెడగొట్టేవాడు, అని రాసేస్తాం. కానీ ఎయిన్‌స్లీ ఆడింది సెయిలింగ్ నియమాలు ఒప్పుకునే ఆటే.

[స్క్రీన్‌పై: వరల్డ్ సెయిలింగ్ కేస్ బుక్, కేస్ 78]

సెయిలింగ్ అంతర్జాతీయ సంస్థ వరల్డ్ సెయిలింగ్, నియమాలను ఉదాహరణలతో వివరిస్తూ ప్రచురించే కేస్ బుక్‌లో 78వ కేసు సరిగ్గా ఈ విషయం మీదే ఉంది. ఒక పడవ మరో పడవను కావాలని అడ్డుకోవచ్చు. అయితే దానివల్ల మొత్తం పోటీలో తన స్థానం మెరుగయ్యే అవకాశం నిజంగా ఉండాలి. అలా అడ్డుకునేటప్పుడు తెలిసి తెలిసి ఏ నియమమూ తప్పకూడదు. తప్పితే అది రూల్ 2, అంటే ఫెయిర్ సెయిలింగ్ నియమాన్ని మీరినట్టే.

కాబట్టి ఎవరైనా మీ రేసు పాడుచేశారని అనిపించినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. దీనివల్ల అతనికి ఏమైనా ఒరిగే అవకాశం ఉందా? అతను కావాలని ఏదైనా రూల్ తప్పాడా? తనకేమీ ఒరగకపోయినా మీ ఆట చెడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది గ్రీఫింగ్. తన పాయింట్ల కోసం రూల్స్ లోపలే ఉండి మీ గాలి లాక్కుంటే అది పోటీ. బాధగా ఉంటుంది, నిజమే. కానీ రిపోర్ట్ బటన్ దానికోసం కాదు.

[యానిమేషన్: రెండు పడవలు ఎదురెదురుగా వస్తుంటాయి]

ఇప్పుడు అసలు దారి హక్కు ఎవరిదో చూద్దాం. గాలి కుడివైపునుంచి తగులుతుంటే ఆ పడవ స్టార్‌బోర్డ్ టాక్‌లో ఉన్నట్టు. ఎడమవైపునుంచి అయితే పోర్ట్ టాక్. పోర్ట్ పడవ తప్పుకోవాలి. ఇది రూల్ 10. రెండూ ఒకే టాక్‌లో పక్కపక్కన ఉంటే గాలి వచ్చే వైపున్న పడవ తప్పుకోవాలి, రూల్ 11. వెనకనుంచి వచ్చేది ముందున్నదాన్ని తగలకుండా పోవాలి, రూల్ 12. మార్క్ (పడవలు చుట్టిరావాల్సిన గుర్తు) చుట్టూ మూడు పడవల పొడవున్న జోన్‌కు వేరే లెక్క ఉంది, దానికి విడిగా ఒక వీడియో కావాలి.

గ్రీఫర్లు ఎక్కువగా వాడుకునేది రూల్ 10నే. స్టార్‌బోర్డ్‌లో వస్తూ, పోర్ట్ పడవ చక్కగా తప్పుకుని వెళ్తుంటే, చివరి క్షణంలో దాని మీదికి తిప్పుతారు. కొన్ని గేమ్స్‌లో సాఫ్ట్‌వేర్‌కు కనిపించేది ఒక్కటే: పోర్ట్, స్టార్‌బోర్డ్ తగిలాయి. పెనాల్టీ పోర్ట్ పడవకు పడుతుంది. సముద్రంలో ఇది చెల్లదు. దారి హక్కున్న పడవ దిశ మార్చుకున్నప్పుడు ఎదుటి పడవ తప్పుకోవడానికి చోటు ఇవ్వాలని రూల్ 16 చెబుతుంది. వీలైనంతవరకు ఎవరూ ఎవరినీ తగలకూడదని రూల్ 14 ఉంది. దారి హక్కు ఉంది కదా అని గుద్దే హక్కు రాదు.

ఇంకో రకం ఉంది. రేసు వదిలేసి, కోర్సుకు అడ్డంగా తిరుగుతూ, ముందున్న వాళ్లకోసం కాచుకుని కూర్చునేవాళ్లు. వేరే లెగ్‌లో (ఒక మార్క్ నుంచి ఇంకో మార్క్ దాకా ఉండే భాగంలో) ఉన్న పడవకు అడ్డుపడకూడదని నియమాల్లోనే ఉంది. అలా తిరిగేవాడికి ఫలితంలో ఒరిగేదీ ఏమీ ఉండదు. మన రెండు ప్రశ్నల్లోనూ ఫెయిల్. ఇలాంటివాళ్ల మీద సందేహించకుండా రిపోర్ట్ కొట్టండి.

[స్క్రీన్‌పై: ఒకే క్షణం, రెండు స్క్రీన్లు, రెండు చోట్ల పడవ]

కానీ తొందరపడి నింద వేసే ముందు లాగ్, అంటే నెట్ ఆలస్యం సంగతి చూడాలి. పడవ 6 నాట్ల వేగంతో పోతోందనుకుందాం. అంటే సెకనుకు సుమారు 3 మీటర్లు. నెట్ 300 మిల్లీసెకన్లు ఆలస్యమైతే పడవ దాదాపు మీటరు తేడాతో కనిపిస్తుంది. లేజర్ పడవ పొడవే 4 మీటర్ల చిల్లర. మీ స్క్రీన్‌లో పావు పడవ దూరంలో దాటేసినట్టుంటే, అతని స్క్రీన్‌లో మీరు వచ్చి తగిలినట్టు ఉండొచ్చు. వేగం పెంచి ఆడించే గేమ్స్‌లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక్క గుద్దుతో ఎవరినీ గ్రీఫర్ అనడం సరికాదని నా గట్టి నమ్మకం. అదే మనిషి, అదే పని, మళ్లీ మళ్లీ చేస్తుంటే అప్పుడు మాట్లాడాలి.

సెయిలింగ్‌లో నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటుంది. తప్పు చేసిన సెయిలర్ ఎవరూ విజిల్ ఊదకముందే తనంతట తాను పెనాల్టీ తీసుకోవాలి. పడవను గబగబా రెండు చుట్లు తిప్పి మళ్లీ రేసులోకి రావాలి. గేమ్‌లో ఆ పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాం. దాంతో "పెనాల్టీ పడలేదు కాబట్టి తప్పు లేదు" అనే ఆలోచన పెరిగింది. క్లబ్ రేసులు పెట్టే వాళ్లయినా ఆ పాత పద్ధతిని తిరిగి తీసుకురావాలని నా కోరిక.

[స్క్రీన్‌పై: సీ ఆఫ్ థీవ్స్]

రేసు కాని గేమ్స్ మాటేమిటి? 2018లో వచ్చిన సీ ఆఫ్ థీవ్స్‌లో దోపిడీ కూడా ఆటే. మీ ఓడ ముంచి నిధి పట్టుకుపోతే అది గ్రీఫింగ్ కాదు, అక్కడ నియమమే అది. దోచుకోవడానికి ఏమీ మిగలని ఓడను వెంటాడుతూ పదేపదే ముంచడం, బూతులు తిట్టడం వేరే సంగతి. అక్కడ పంతానికి పోయి టెన్షన్ పడకండి. మీ ఓడను మీరే ముంచేసుకుంటే కొత్త ఓడ వేరే చోట తేలుతుంది. మీ క్రూలోకి, అంటే ఓడ జట్టులోకి, తెలియనివాళ్లు రాకూడదనుకుంటే దాన్ని క్లోజ్ చేసుకోవచ్చు. 2023 డిసెంబర్‌లో తయారీదారులు సేఫర్ సీస్ అనే మోడ్ తెచ్చారు. అందులో మీ క్రూ తప్ప వేరే ఆటగాళ్లు ఉండరు. బదులుగా, ప్రారంభంలో బంగారం 30 శాతమే ఇచ్చేవారు. కొత్తవాళ్లు ఓడ నడపడం అక్కడ నేర్చుకుని బయటికి రావడం మంచిదే, అందులో చిన్నతనమేమీ లేదు.

ప్రైవేట్ రేసులు నడిపే వాళ్లకు ఒక మాట. రేసుకు ముందే లాబీలో (ఆటగాళ్లు చేరి ఎదురుచూసే చోట) రాసి పెట్టండి: ఎవరిని అడ్డుకోవచ్చు, ఎప్పుడు, ఫిర్యాదు ఎవరికి పంపాలి. ఫిర్యాదు చూసేవాళ్లు ఆ రేసులో ఆడనివాళ్లయితే మేలు. ఒకే మనిషి రెండు అకౌంట్లతో వచ్చి, ఒకదానితో దారి కాచి రెండోదాన్ని గెలిపించడాన్ని మాత్రం క్షమించకండి. మొదటిసారికే బయటికి పంపాలి.

[స్క్రీన్‌పై: రీప్లే క్లిప్, టైమర్]

ఫిర్యాదు పంపేటప్పుడు కోపాన్ని పక్కనపెట్టి ఆధారం పంపండి. తగలడానికి ముందు కొన్ని సెకన్లు కూడా క్లిప్‌లో ఉండాలి, ఎందుకంటే ఎవరు ఎప్పుడు తిప్పారన్నది తేలేది అక్కడే. ఏ లెగ్, ఏ టాక్, ఏ రూల్ అన్నది ఒక్క వరుసలో రాయండి. చాట్‌లో మీరూ తిట్టి ఉంటే చూసేవాళ్లకు అదీ కనిపిస్తుంది. రీప్లే ఎంతకాలం ఉంటుందన్నది గేమ్‌ను బట్టి మారుతుంది కాబట్టి లాబీ వదలకముందే సేవ్ చేసుకోండి.