చిరివేరు, వెర్రినెలవేము

శ్రోతలకు నమస్కారం. మన అనంతపురం జిల్లాలో నాలుగు వానలు పడ్డాక, వేరుశనగ చేల గట్ల మీద, ఇసుక కలిసిన ఎర్రనేలల్లో, జానెడు ఎత్తు మొక్కలు రెండు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటికీ సన్నని ఆకులు కణుపు కణుపునా ఎదురెదురుగా ఉంటాయి, చిన్న తెల్లని పూవుకు నాలుగే రేకులుంటాయి. కలుపు తీసేవారి పిడికిట్లో రెండూ కలిసే పోతాయి. నేను కూడా చాలా ఏళ్ళు రెండూ ఒకటే అనుకున్నాను. ఒకటి చిరివేరు, రెండవది వెర్రినెలవేము.

రెండూ ఓల్డెన్‌లాండియా ప్రజాతికి చెందినవే. 1753లోనే స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ వీటిని రెండు జాతులుగా విడదీసి పేర్లు పెట్టాడు. కాఫీ, నూరువరహాలు, మంజిష్ఠ, ఐరోపా పల్లెల్లో ఒకప్పుడు ఎండబెట్టి పరుపుల్లో కూరిన గాలియం, అన్నీ వీటి కుటుంబమే. చేదుకు పేరుపడ్డ నేలవేముతో మాత్రం వెర్రినెలవేముకు చుట్టరికం లేదు.

వెర్రినెలవేములో ఆకు పంగ నుండి దారంలాంటి కాడ వచ్చి, దాని కొసన రెండు మూడు పూలే పూస్తాయి. చిరివేరు కాడ బిరుసు. కొసన ఒకే చోటు నుండి గొడుగు కడ్డీలలాగా చీలి, పూలు గుత్తిగా నిలుస్తాయి. 'అంబెల్లేటా' అన్న దాని శాస్త్రీయ నామం ఆ గొడుగు గుత్తిని చెప్పేదే.

పూలు లేనప్పుడు వేరే సాక్ష్యం. వెర్రినెలవేము లాగగానే సన్నని వేళ్ళతో ఊడి వస్తుంది. చిరివేరు వేరు లోతుకు దిగి ఉంటుంది కనుక తడి నేలలో నిదానంగా తవ్వి తీయాలి. దాని బెరడును గోటితో గీకితే నారింజ కలిసిన పసుపు కనిపిస్తుంది, కాస్త సున్నం తగిలితే అదే ఎరుపు తిరుగుతుంది. ఆ రంగునిచ్చే పదార్థం పేరు అలిజరిన్. మచిలీపట్నం కలంకారీ గుడ్డను పటిక అద్ది, ఈ వేళ్ళతో మరిగించినప్పుడు, పటిక తాకిన చోటే ఎరుపు పట్టి నిలిచేది. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్మన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. ఆ చవక రంగు అంగళ్ళకు వచ్చాక తీరప్రాంతపు ఇసుకనేలల్లో చిరివేరు సాగు క్షీణించింది. అంత చరిత్ర ఉన్న మొక్కను కలుపుతో పారవేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

వెర్రినెలవేమునూ చిన్నచూపు చూడనక్కరలేదు. ఆయుర్వేదంలో జ్వరాలకు వాడే పర్పాటకం పేరుతో కొన్ని ప్రాంతాలలో దీనినే తీసుకుంటారు. అందుకే మందుకోసం ఏరేవారు పూలకాడను, వేరును రెండింటినీ చూడాలి.

మా చేని గట్టున బారెడు చోటును కలుపు తీయకుండా వదిలాను. ఈ ఏడు అక్కడ చిరివేరు గుత్తులు ఏడు పూశాయి.