నిద్ర గురించి అనుకున్నాం, మళ్లీ ఓడ దగ్గరే ఆగాం

అక్క: రికార్డింగ్ ఎర్ర లైటు వెలిగింది. సరే, అందరికీ నమస్కారం. యుద్ధం చూసి ఇంటికొచ్చినవాళ్ల నిద్ర గురించి మాట్లాడతామని పోయినసారి మాటిచ్చాం కదా. పీడకలలు, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేవడం...

తమ్ముడు: నిద్ర దగ్గరికి వెళ్లేముందు ఒక్క మాట అక్కా.

అక్క: ఓడా? ఓడలో మెల్లగా ఇల్లు చేరితే మనసు కుదుటపడుతుందన్నావే, అదేనా?

తమ్ముడు: ఓడే.

అక్క: మొదటి నిమిషంలోనే! లెక్క రాసుకునేవాళ్లు రాసుకోండి, ఒకటి.

తమ్ముడు: రాసుకోనీ. ఇది వదిలెయ్యాల్సిన విషయం కాదు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక సైనికులు ఇళ్లకి ఎలా చేరారు? ఎక్కువమంది ఓడల్లో. పసిఫిక్ వైపు నుంచైతే వారాల ప్రయాణం. పక్కనున్నవాడికి ఏదీ మొదట్నుంచీ చెప్పక్కర్లేదు, వాడూ అక్కడే ఉన్నాడు. అదే అమెరికా వాళ్ల వియత్నాం యుద్ధం దగ్గరికొచ్చేసరికి? చాలామందికి ఏడాది లెక్క. ఎవడి తేదీ వాడిది. తేదీ రాగానే, కలిసి పోరాడినవాళ్లని అక్కడే వదిలేసి విమానం ఎక్కడం. మొన్నటిదాకా అడవిలో, ఇవాళ అమ్మ వంటింట్లో. మనిషి దిగాడు గానీ మనసు ఇంకా దారిలోనే ఉంది.

అక్క: బాగా చెప్పావు. కానీ ఓడలో వచ్చినవాళ్లు కోలుకున్నారని ఎవరన్నారు? 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్లాండ్స్ దీవుల యుద్ధం నుంచి బ్రిటన్ సైనికులు చాలామంది ఓడల్లోనే తిరిగొచ్చారు. వాళ్లలో ఎందరు ఆ తర్వాత ఏళ్లకేళ్లు నలిగిపోయారు! రెండో ప్రపంచయుద్ధం వాళ్లు మాత్రం? నోరు విప్పలేదంతే. నోరు విప్పకపోతే బాగున్నారనుకున్నాం.

తమ్ముడు: ఓడే మందు అనట్లేదు నేను.

అక్క: పోయినసారి అన్నావు.

తమ్ముడు: అన్నాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా. నేనడిగేది కాస్త గడువు. అఫ్గానిస్తాన్ నుంచి వెళ్లే బ్రిటన్ సైనికుల్ని సైప్రస్‌లో ఒకటి రెండు రోజులు ఆపేవారు. సముద్రంలో ఈత, తోటివాళ్లతో కబుర్లు, ఇంట్లో ఎలా ఉండబోతోందో నాలుగు మాటలు. మధ్యలో ఒక మెట్టు కావాలని సైన్యానికే తోచింది కదా.

అక్క: రెండు రోజుల్లో ఏం దిగుతుందిరా? చిక్కంతా దారిలో లేదు, గుమ్మంలో ఉంది. గుమ్మం ఇవతల ఉన్నవాళ్లు వెళ్లిన మనిషి కోసం చూస్తుంటారు. వచ్చింది ఇంకొకరు. ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనరు.

తమ్ముడు: అందుకే అంటున్నా, దారిలో...

అక్క: ఉండు, పూర్తి చెయ్యనీ. వీళ్లకి మనం పెట్టిన పేర్లు చూడు. అమెరికా అంతర్యుద్ధంలో డాకోస్టా అనే డాక్టరు గుండె దడతో వచ్చిన సైనికుల్ని పరీక్షించి, 1871లో దాన్ని గుండె జబ్బుగా రాశాడు. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1915లో చార్ల్స్ మయర్స్ అనే డాక్టరు 'షెల్ షాక్' అని రాశాడు, ఫిరంగి గుండ్ల దెబ్బకి అదిరిపోయిన మనిషని. అదే యుద్ధంలో పిరికితనం, పారిపోవడం లాంటి నేరాలు మోపి సొంతవాళ్లనే కాల్చేశారు. అలా కాల్చిన 306 మందికి బ్రిటన్ 2006లో క్షమాభిక్ష ఇచ్చింది. తొంభై ఏళ్ల తర్వాత! పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూశాక మనసులో మిగిలిపోయే జబ్బు, ఆ పేరు అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది 1980లో. అప్పటిదాకా ఇంట్లో వాళ్లు ఏమని పిలవాలి? కోపిష్టి. తాగుబోతు. ముభావి.

తమ్ముడు: ఊఁ.

అక్క: ఇంకోటి, అన్నిటినీ భయం ఖాతాలో వెయ్యకూడదు. తన ప్రాణం పోతుందన్న భయం ఒకటి. నేను చేసింది తప్పు, లేదా నేను ఆపలేకపోయాను అన్న బాధ ఇంకొకటి. నైతిక గాయం అంటున్నారు దాన్ని. 'ఇప్పుడు క్షేమంగానే ఉన్నావుగా' అంటే భయం కొంచెం తగ్గొచ్చు. రెండోదానికి ఆ మాట ఇంకా కారం.

తమ్ముడు: క్షేమంగా ఉండడమే అక్కడ నేరం.

అక్క: అదీ. అలా వచ్చిన మనిషి కూర్చునే కుర్చీ చూడు. ఎప్పుడూ గోడకి వీపు, తలుపు కనబడాలి. గ్లాసు కింద పడితే మనం గ్లాసుని చూస్తాం, ఆయన కిటికీని చూస్తాడు.

తమ్ముడు: ఇది బాబాయి కుర్చీ.

అక్క: అవును. ఆయన డ్యూటీ దిగలేదురా. సైన్యంలో ఉద్యోగం వదిలాక కూడా దిగలేదు. పిన్ని నాకు నేర్పింది గుర్తుందా? నువ్వు చిన్నవాడివిలే. బాబాయిని లేపాలంటే ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. గుమ్మంలోనే నిలబడి ముందు లైటు వెయ్యాలి. 'బాబాయ్, నేను' అనాలి. ఆయన కళ్లు తెరుచుకుని, గది నాలుగు మూలలా తిరిగి, చివరికి నా మొహం మీద ఆగుతాయి. అప్పుడే లోపలికి అడుగు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని అలా ఎన్నిసార్లు నిలబడ్డానో.

తమ్ముడు: నాకెవరూ నేర్పలేదు.

అక్క: ఏమిటి?

తమ్ముడు: నేను పరిగెత్తుకెళ్లి మీద పడ్డాను ఓసారి. నా చెయ్యి పట్టి మెలిపెట్టాడు. ఒక్క క్షణం. వెంటనే వదిలేసి, నా మణికట్టు వైపే చూస్తూ మంచం అంచున కూర్చున్నాడు. నేను ఏడవలేదు కూడా. ఆ తర్వాత చాలా రోజులు నన్ను దగ్గరికి రానివ్వలేదు. పిలిస్తే పెరట్లోకి వెళ్లిపోయేవాడు. నేనేదో తప్పు చేశాననుకున్నా.

అక్క: ఇన్నేళ్లలో నాకు చెప్పలేదే.

తమ్ముడు: ఓడ గురించైతే చెప్పగలను.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడరు)

అక్క: నిద్ర సంగతి కొంచెమైనా చెప్పాలి, అడిగినవాళ్లున్నారు. గబగబా చెప్పేస్తా. ఒకే కల మళ్లీ మళ్లీ వస్తుంటే, పగలు మెలకువలో ఆ కలని రాసుకుని, అందులో నచ్చినట్టు ఏదో ఒకటి మార్చి, ఆ కొత్త కలని రోజూ మనసులో నడిపించే పద్ధతి ఒకటుంది. కొందరికి కలలు తగ్గాయి. మద్యం తాగితే తొందరగా నిద్ర పడుతుంది, కానీ తెల్లవారుజాము నిద్ర చెడుతుంది, అలవాటు మాత్రం మిగులుతుంది. ఈ లక్షణాలు నెల దాటి ఉండి, రోజువారీ బతుకుకి అడ్డొస్తుంటే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. జరిగినదాన్ని తోడుండి కొంచెం కొంచెంగా చెప్పించే చికిత్సలున్నాయి, పనిచేస్తాయి. ఆలస్యమైందని మానెయ్యకండి, ఏళ్లు గడిచాక మొదలుపెట్టినవాళ్లూ బాగుపడ్డారు.

తమ్ముడు: బాబాయి ఎలా వచ్చాడక్కా?

అక్క: ఎప్పుడు?

తమ్ముడు: ఆఖరిసారి. యూనిట్ వదిలి ఇంటికి.

అక్క: రైల్లో. రెండు రాత్రులు.

తమ్ముడు: తోడెవరైనా?

అక్క: లేరు. స్టేషన్‌కి నాన్న వెళ్లాడు. బోగీ ఆగకముందే బాబాయి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడట, ట్రంకుపెట్టె చేత్తోనే పట్టుకుని. 'ఎంతసేపట్నుంచి నిలబడ్డావు' అంటే జవాబివ్వలేదని నాన్న చెప్పేవాడు.

తమ్ముడు: రెండు రాత్రులూ అక్కడే ఉన్నాడేమో.

అక్క: ఏమో.

తమ్ముడు: అడుగుదామా? పిన్నికి ఫోన్ చేద్దాం.

అక్క: ఈ టైముకి ఫోన్ ఆయనే ఎత్తుతాడు.

తమ్ముడు: ఎత్తనీ.

అక్క: ఏమంటావు ఎత్తితే?

తమ్ముడు: 'బాబాయ్, నేను' అంటా.

అక్క: ...ఆ రికార్డింగ్ ఆపు ముందు.