మెగ్నీషియం డబ్బా మీద గుండె బొమ్మ: ఎంత నిజం?

నమస్తే అండి. కోఠీ మెడికల్ షాపుల్లో చూసినా, ఆన్‌లైన్‌లో చూసినా ఇప్పుడు మెగ్నీషియం డబ్బాలే. వాటిలో కొన్నింటి మీద, గుండెకు మేలన్నట్టు, గుండె బొమ్మ కూడా ఉంటోంది. ఈరోజు రివ్యూ ఏ బ్రాండ్‌దీ కాదు, ఆ బొమ్మది.

గుండెపోటు వస్తే మూసుకున్న రక్తనాళాన్ని స్టెంట్ వేసో, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చో తెరుస్తారు. తెరవాల్సిందే, లేకపోతే కండరం చచ్చిపోతుంది. కానీ రక్తం తిరిగొచ్చే మొదటి నిమిషాల్లో ఇంకో దెబ్బ పడుతుంది. దాన్నే రీపర్ఫ్యూజన్ ఇంజురీ అంటారు. మన బస్తీలో రెండు రోజులు ఆగిన నల్లా మళ్లీ వచ్చినప్పుడు ముందు తుప్పునీళ్లు కక్కుతుంది కదా, కాస్త అలాంటిదే. కణాల్లో కాల్షియం మితిమీరి పేరుకుంటుంది, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. రక్తనాళం లోపలి పొర, ఎండోథీలియం, వాచిపోతుంది. నాళాన్ని వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో పెద్ద నాళం తెరుచుకున్నా సన్న నాళాల్లోకి రక్తం సరిగ్గా పోదు.

మెగ్నీషియం ఇక్కడే పనికొస్తుందని పరిశోధకులు అనుకున్నారు. అది కాల్షియానికి అడ్డుపడుతుంది, బిగుసుకున్న నాళాన్ని సడలిస్తుంది, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అతుక్కోవడం తగ్గిస్తుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, రక్తం తిరిగి రాకముందే ఇచ్చినప్పుడు కండరం ఎక్కువ మిగిలింది. ఆలస్యమైతే ఆ లాభం లేదు.

మరి మనుషుల్లో? 1992లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో లిమిట్-2 ట్రయల్, గుండెపోటు అనుమానంతో వచ్చిన 2,316 మంది. 28 రోజుల్లో మరణాలు మెగ్నీషియం ఇవ్వనివాళ్లలో 10.3 శాతం, ఇచ్చినవాళ్లలో 7.8. అందరూ ఎగిరి గంతేశారు. 1995లో 58,050 మందితో ఐసిస్-4 వచ్చింది, లాభం సున్నా. "లేటుగా ఇచ్చారు, అందుకే" అన్నారు కొందరు. న్యాయమైన వాదనే. అందుకని త్వరగా ఇచ్చి చూద్దామని మ్యాజిక్ ట్రయల్ పెట్టారు, 6,213 మంది. 2002లో ఫలితం: మెగ్నీషియం ఇచ్చినవాళ్లలో మరణాలు 15.3 శాతం, ఇవ్వనివాళ్లలో 15.2. ఇది చూశాక నాకైతే ఆ వాదన మీద ఆశ పోయింది.

ఇంకో మాట. ఇవన్నీ ఆసుపత్రిలో నరంలోకి ఎక్కించిన మెగ్నీషియం సల్ఫేట్ లెక్కలు. మీ చేతిలోని మాత్రవి కావు! గుండె లయ ఒక ప్రమాదకరమైన తీరులో తప్పితే డాక్టర్లు ఇప్పటికీ ఇదే ఇంజెక్షన్ వాడతారు, అది వేరే కథ.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో రోజుకు మగవాళ్లకు 440, ఆడవాళ్లకు 370 మిల్లీగ్రాములు కావాలి. జొన్నరొట్టె, పప్పు, పాలకూర, గుప్పెడు గుమ్మడి గింజలు తింటే చాలావరకు వచ్చేస్తుంది. ఎసిడిటీకి పాంటాప్రజోల్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లకు మెగ్నీషియం తగ్గొచ్చు, వాళ్లు డాక్టర్‌ని అడిగి రక్తపరీక్ష చేయించుకోండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం సొంతంగా ఈ డబ్బా కొనొద్దు, ఒంట్లో పేరుకుపోతుంది.

రేటింగ్ అంటారా? ల్యాబ్‌లో పరిశోధనకు ఐదుకు నాలుగు. డబ్బా మీద బొమ్మకు ఒకటి, అదీ ప్రింటింగ్ బాగుందని.