బండి ఎందుకు కదిలింది

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకీ, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన హెడ్మాస్టరు గారికీ, పొద్దుటి నుంచి కుర్చీలు మోసి అలసిపోయిన తొమ్మిదో తరగతి పిల్లలకీ పేరుపేరునా నమస్కారం. ఇవాళ ఫిబ్రవరి 28. సి.వి. రామన్ గారు 1928లో ఇదే రోజున కాంతి గురించిన తన ఆవిష్కరణను ప్రకటించారు కాబట్టి మనం జాతీయ సైన్స్ దినోత్సవం చేసుకుంటున్నాం. కాంతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏమీ అనుకోకండి, నేను బలం గురించి, గమన నియమాల గురించి చెబుతాను. నా మనసులో చిన్నప్పటి నుంచీ ఒక ఎడ్లబండి ఉండిపోయింది, దాని సంగతి మీకు చెప్పాలి.

ముందు క్యారమ్స్. ఆడేవాళ్లు చేతులెత్తండి... చాలామందే ఉన్నారు. పౌడర్ లేని బోర్డు మీద స్ట్రైకర్ కొడితే సగంలో ఆగిపోతుంది కదా. అదే వేలితో, అదే ఊపుతో, పౌడర్ చల్లి కొట్టండి, అవతలి చెక్కకు తగిలి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. మరి పౌడర్ స్ట్రైకర్‌ని తోసిందా? తొయ్యలేదు. ఆపేదాన్ని తగ్గించింది, అంతే. ఆ ఆపేదాని పేరు ఘర్షణ. దాన్ని తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ పోయి, అసలు లేకుండా చేస్తే? అవతల చెక్క కూడా లేకపోతే? స్ట్రైకర్ ఇంక ఆగదు. అదే వేగంతో, తిన్నగా, పోతూనే ఉంటుంది.

వస్తువు కదులుతూ ఉండాలంటే ఎవరో ఒకరు తోస్తూనే ఉండాలని అరిస్టాటిల్ అన్నాడు. దాదాపు రెండు వేల ఏళ్లు ఎక్కువమంది అదే నమ్మారు, ఎందుకంటే కంటికి అలాగే కనబడుతుంది. గెలీలియో ఏటవాలు చెక్కల మీద గుండ్లు దొర్లించి చూసి, ఘర్షణ లేకపోతే ఏమవుతుందో ఊహించాడు. 1687లో న్యూటన్ ప్రిన్సిపియా అనే తన పుస్తకంలో దాన్నే మొదటి నియమంగా పెట్టాడు. 1977లో పంపిన వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక ఇప్పటికీ సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది, దాన్ని వెనక నుంచి ఏ ఇంజనూ తొయ్యడం లేదు. బస్సులో బ్రేకు వేస్తే ముందుకు పడ్డామంటాం. నిజానికి మనల్ని ముందుకు తోసినవాళ్లు లేరు. బస్సు ఆగింది, మన ఒళ్లు ఇంకా ఆగలేదు. జడత్వం అంటే అదే.

వేగాన్ని ఎంత త్వరగా మారిస్తే అంత ఎక్కువ బలం పడుతుందనే రెండో నియమం క్రికెట్ ఆడే పిల్లల చేతులకే తెలుసు. బంతి 160 గ్రాములు, సెకనుకు 25 మీటర్ల వేగంతో వస్తోందనుకోండి. చెయ్యి బిగించి సెకనులో నూరో వంతులో ఆపేస్తే చేతి మీద 400 న్యూటన్ల బలం పడుతుంది, అంటే 40 కిలోల మూట మోపినట్టు. చేతులు వెనక్కి తీసుకుంటూ పదో వంతు సెకనులో ఆపితే 40 న్యూటన్లే, నాలుగు కిలోల మూట. బంతి అదే, వేగం అదే. ఆపడానికి తీసుకున్న సమయం మారింది. హెల్మెట్ లోపల తెల్లగా థర్మాకోల్ లాంటి పొర ఉంటుంది చూశారా, దెబ్బ తగిలినప్పుడు అది నలిగి మన తలకి ఆ కాస్త సమయం ఇస్తుంది. ఇవాళ సాయంత్రం మీ నాన్నగారు హెల్మెట్‌ని హ్యాండిల్‌కి తగిలించుకుని వస్తే దయచేసి ఈ లెక్క చెప్పండి. ఇద్దరు విద్యార్థుల ఇళ్లకి నేను పరామర్శకి వెళ్లాను. ఇంక వెళ్లలేను.

ఇప్పుడు బండి.

అప్పుడు నేనూ తొమ్మిదో తరగతిలోనే ఉన్నాను. మా మాస్టారు బోర్డు మీద మూడో నియమం రాశారు. చర్యకు ప్రతిచర్య సమానంగా, వ్యతిరేక దిశలో ఉంటుంది. నేను లేచి అడిగాను, "ఎద్దు బండిని ఎంత లాగితే బండి ఎద్దుని అంతే వెనక్కి లాగుతుంది కదండీ, మరి బండి ఎలా కదులుతుంది?" అని. "పుస్తకంలో ఉన్నది రాసుకో" అని నన్ను బెంచీ ఎక్కించారు. పీరియడ్ అయ్యేదాకా బెంచీ మీదే. పిల్లలు నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు ఏ క్లాసులోనూ నోరు విప్పలేదు నేను.

ఆ ఏడే కార్తీకంలో, కోతల మీద వాన పడింది. ధాన్యం బస్తాలతో మా బండి డొంకలో దిగబడిపోయింది, ఇరుసు దాకా బురద. ఎడ్లు గుంజుతున్నాయి, జారుతున్నాయి, మోకాళ్ల మీద పడుతున్నాయి. తోలే మనిషి చర్నాకోల ఎత్తాడు. మా నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టకయ్యా, కాలూనే చోటు లేక జారుతున్నాయి, వాటి తప్పేముంది" అన్నాడు. గట్టు మీద నుంచి చెట్ల మండలు, వరిగడ్డి తెచ్చి పరిచాడు. చక్రాల కింద పరుస్తాడనుకున్నాను. ఎడ్ల గిట్టల కింద పరిచాడు! ఒక్క గుంజు. బండి కదిలింది.

మా నాన్న బడికి వెళ్లినవాడు కాదు. కానీ నా ప్రశ్నకి జవాబు ఆయన గడ్డి పరిచిన చోటే ఉంది. ఎద్దు గిట్టతో నేలని వెనక్కి తన్నుతుంది, నేల ఎద్దుని ముందుకి తోస్తుంది. బండి వెనక్కి లాగే బలం కంటే నేల ముందుకి తోసే బలం ఎక్కువైతే ఎద్దు కదులుతుంది. అలాగే ఎద్దు లాగే బలం బురద పట్టుకంటే ఎక్కువైతే బండి కదులుతుంది. ఎద్దు బండి మీద, బండి ఎద్దు మీద చూపే బలాలు సమానమే, కానీ అవి వేర్వేరు వస్తువుల మీద పడతాయి. ఒకటి బండి మీద, ఇంకొకటి ఎద్దు మీద. అందుకే ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. ఇంకోసారి చెబుతాను, రాసుకోకండి, వినండి: చర్య ఒకరి మీద, ప్రతిచర్య ఇంకొకరి మీద.

ఇక్కడ కూర్చున్న మాస్టార్లకీ, టీచరమ్మలకీ ఒక్క మాట. నియమం రాయమంటే పిల్లలు తప్పు లేకుండా రాస్తారు, మార్కులూ వేస్తాం. బండి ఎందుకు కదిలిందో మాత్రం అడగం. ఏ పిల్లాడైనా అడిగితే, జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు, రేపు చూద్దాం కూర్చోమనండి. బెంచీ మాత్రం ఎక్కించకండి. నేను ఇంత దూరం వచ్చింది ఈ మాట చెప్పడానికే.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ఐదు నిమిషాలివ్వండి. సామాన్లు తూచే కొక్కెం త్రాసులు రెండు తెచ్చాను, ఈ తాడు మధ్యలో ఒకదానికొకటి తగిలించాను. పీఈటీ మాస్టారూ, కాస్త పైకి రండి, ఆ బూట్లు విప్పేసి ఇలా నిలబడండి. మీ కాళ్ల కింద క్యారమ్స్ పౌడర్ చల్లుతున్నాను. ఇద్దరు అబ్బాయిలు వచ్చి సార్ పడిపోకుండా వెనక నిలబడండి. మొదటి వరసలో రెండు జడల అమ్మాయీ, నువ్వు రామ్మా, ఏడో తరగతా? బూట్లతోనే ఈ కొబ్బరి పీచు పట్టా మీద నిలబడు. మిగతా వాళ్లంతా ముందు ఆ రెండు ముళ్లూ ఎంతెంత చూపిస్తున్నాయో గట్టిగా చదవండి, తర్వాత ఇద్దరి కాళ్ల వైపు చూడండి. ఊఁ, లాగు తల్లీ.